ఉర్దూలో ప్రశ్న అడగడానికి తెలుగే దగ్గరి దారి

ప్రశ్న: నాది ఖమ్మం జిల్లా. ఈ మధ్యే హైదరాబాదు పాతబస్తీలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. మా వార్డుకు వచ్చేవాళ్లలో చాలామంది ఉర్దూ మాట్లాడతారు. వీడియోలు చూసి ‘వాట్ అంటే క్యా, వై అంటే క్యోఁ, హూ అంటే కౌన్’ అని ఒక పట్టీ రాసుకుని బట్టీ పట్టాను. దాంతో పని జరగడం లేదు. ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చిన ఒక తల్లిని ‘కిసీ కో బుఖార్ హై?’ అని అడిగితే ‘హౌ’ (అవును) అని ఊరుకుంది, ఏ పిల్లకు జ్వరమో చెప్పలేదు. ఒక పెద్దాయనను ‘ఆప్ క్యోఁ ఆయే?’ అన్నాను, ఆయన ముఖం చిన్నబోయింది. మా ఆయాలు ‘ఖానా ఖాయా క్యా?’ అంటుంటారు. అందులో ఆ చివరి ‘క్యా’ ఎందుకో అర్థం కాదు. ఈ ప్రశ్నపదాలు నాకు ఎలా పట్టుబడతాయి? లిపి కూడా నేర్చుకోవాలా?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం:

అమ్మా, ముందుగా ఆ పట్టీని పక్కన పెట్టేయండి. మీ జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు, ఇబ్బందంతా ఆ పట్టీతోనే. తెలుగు తెలిసిన మనిషి ఇంగ్లీషు మీదుగా ఉర్దూకు వెళ్లడం చుట్టుతిరుగుడు. ప్రశ్నల విషయంలో మన భాషా ఉర్దూ ఎంత దగ్గరగా నడుస్తాయో చూస్తే మీకే ధైర్యం వస్తుంది.

మనకు ఇక్కడ, అక్కడ, ఎక్కడ అని ఒక వరస ఉంది కదా. మొదటి అక్షరం మారితే చాలు, దగ్గరిది దూరమవుతుంది, దూరానిది ప్రశ్నవుతుంది. ఉర్దూలో అదే వరస యహాఁ, వహాఁ, కహాఁ. (అరసున్న కనిపించిన చోట ముక్కుతో పలకండి.) ఇటు, అటు, ఎటు అంటే ఇధర్, ఉధర్, కిధర్. ఇంత, అంత, ఎంత అంటే ఇత్నా, ఉత్నా, కిత్నా. ఇలాంటి, అలాంటి, ఎలాంటి అంటే ఐసా, వైసా, కైసా. ఇందుకు, అందుకు, ఎందుకు కూడా ఈ వరసలో కూర్చుంటాయి: ఇస్ లియే, ఉస్ లియే, కిస్ లియే. మనకు ‘ఎ’ ఏ పని చేస్తుందో ఉర్దూలో ‘క’ ఆ పని చేస్తుంది. ఇంగ్లీషు పట్టీలో విడివిడిగా ఉన్న పది మాటలు ఇక్కడ జంటలుగా, వరసలుగా వస్తాయి. ఒకటి గుర్తొస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి.

వాక్యంలో ప్రశ్నపదం కూర్చునే చోటు కూడా రెండు భాషల్లో ఒకటే. ‘మీరు ఎక్కడికి వెళ్తున్నారు?’ అన్నప్పుడు ‘ఎక్కడికి’ క్రియకు ముందు ఉంది. ‘ఆప్ కహాఁ జా రహే హైఁ?’లోనూ అంతే. ఇంగ్లీషు అలవాటుతో ‘కహాఁ ఆప్...’ అని మొదలుపెడితే వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది. మీరు తెలుగులో అనుకున్న వరసలోనే ఉర్దూ మాటలు పేర్చండి. ‘ఎక్కడికి’లోని ‘కి’కి మాత్రం మరో మాట వెతకొద్దు, ఉర్దూలో ‘కహాఁ’ ఒక్కటే చాలు. ‘ఎక్కడి నుంచి’ అయితే ‘కహాఁ సే’, ‘ఎప్పటి నుంచి’ అయితే ‘కబ్ సే’. ‘బుఖార్ కబ్ సే హై?’ అన్నది మీరు రోజూ అడిగే ప్రశ్నే కదా.

ఇక ‘క్యా’. అందరూ తడబడేది ఇక్కడే, ఎందుకంటే ఇది రెండు ఉద్యోగాలు చేస్తుంది. క్రియకు ముందు నిలబడితే ‘ఏమిటి’ అని అర్థం. ‘ఆప్ క్యా ఖా రహే హైఁ?’ అంటే ‘మీరు ఏం తింటున్నారు?’ అదే ‘క్యా’ వాక్యం మొదట్లోకి వెళ్తే ‘ఏమిటి’ అన్న అర్థం పోతుంది, ఇకపై వచ్చేది అవును కాదు అని చెప్పాల్సిన ప్రశ్న అని హెచ్చరించే గుర్తు మాత్రమే మిగులుతుంది. ‘క్యా ఆప్ ఖా రహే హైఁ?’ అంటే ‘మీరు తింటున్నారా?’ మనం క్రియ చివర దీర్ఘం తీసి ‘ఆ’ చేర్చి సాధించే పనిని పుస్తకాల ఉర్దూ వాక్యం మొదట ‘క్యా’ పెట్టి సాధిస్తుంది. మాటల్లో దాన్ని వదిలేసి గొంతు పైకి లేపినా సరిపోతుంది. ‘దవా లీ?’ అని చివర్లో స్వరం లేపితే ‘మందు వేసుకున్నారా?’ అయిపోతుంది.

మీ ఆయాల మాటకు వద్దాం. ‘ఖానా ఖాయా క్యా?’ హైదరాబాదు దక్కనీ, అంటే ఇక్కడివాళ్లు మాట్లాడే ఉర్దూ. ఇక్కడివాళ్లు ఆ అవును-కాదు ‘క్యా’ను వాక్యం చివరకు తెచ్చారు. ‘తిన్నారా’లో మన ‘ఆ’ ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ పెట్టారు. ‘ఆరే క్యా?’ అంటే ‘వస్తున్నారా?’, ‘జారే క్యా?’ అంటే ‘వెళ్తున్నారా?’ కాబట్టి చివర్లో వినిపించే ‘క్యా’ను ‘ఏమిటి’ అని అర్థం చేసుకోకండి, క్రియకు తగిలించిన దీర్ఘమనుకోండి. ‘ఏం తిన్నారు?’ అని అడగాలంటే ‘క్యా ఖాయే?’, ‘తిన్నారా?’ అనాలంటే ‘ఖాయే క్యా?’ మాటలు అవే, చోటు మారితే ప్రశ్నే మారిపోయింది. షుగరు రోగి దగ్గర ఈ తేడా ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

దక్కనీని తప్పుల ఉర్దూ అనేవాళ్ల మాట మీరు నమ్మకండి. ఢిల్లీ దర్బారు ఇంకా పారసీలో నడుస్తున్న కాలంలోనే గోల్కొండ, బీజాపూర్‌లలో దక్కనీలో కవిత్వం వచ్చింది. 1591లో హైదరాబాదును కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీ కవి. మీ వార్డులో వినిపించే ‘కైకు’ (ఎందుకు), ‘కాఁ’ (ఎక్కడ), ‘కిత్తే’ (ఎన్ని) అన్న మాటలు ఈ నేల మీద పెరిగినవి. వినడానికి అవి నేర్చుకోండి. మాట్లాడడానికి మొదట్లో క్యోఁ, కహాఁ, కిత్నే వాడండి. ఏ ఊరివాళ్లకైనా అర్థమవుతాయి, ఎవరినీ అనుకరిస్తున్నట్టు ఉండదు.

‘కౌన్’ అంటే ఎవరు. దాని వెనక కో, సే, కా, మేఁ లాంటి విభక్తి వచ్చిందంటే ‘కౌన్’ నిలవదు, ‘కిస్’ అవుతుంది. వీడియోల్లో దీన్ని పెద్ద నియమంలా చెప్పి భయపెడతారు. మనం మాత్రం ‘ఎవరుకి’ అంటామా? ‘ఎవరికి’ అంటాం. ‘ఏదితో’ అనం, ‘దేనితో’ అంటాం. విభక్తి తగలగానే మాట రూపు మార్చుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కిస్ కో అంటే ఎవరికి, కిస్ కా అంటే ఎవరిది, కిస్ కే సాథ్ అంటే ఎవరితో కలిసి. ఒక్క తేడా ఉంది. మనకు మనిషికి ‘ఎవరి’, వస్తువుకు ‘దేని’ అని రెండు రూపాలు. ఉర్దూలో రెండింటికీ ‘కిస్’ ఒక్కటే. అందుకని వస్తువు గురించి అడిగేటప్పుడు ‘కిస్ చీజ్ సే’ అని చీజ్ చేర్చడం మంచిది. ‘చోట్ కిస్ చీజ్ సే లగీ?’ అంటే దెబ్బ దేనివల్ల తగిలిందో చెబుతారు. నామవాచకం ముందు కూడా ‘కిస్’ వస్తుంది: ‘కిస్ పైర్ మేఁ దర్ద్ హై?’ అంటే ఏ కాల్లో నొప్పి. ఒకరికంటే ఎక్కువమంది అయినా, గౌరవించాల్సిన ఒక్కరయినా ‘కిన్’ అవుతుంది. రోగి బంధువు వచ్చి ఎవరికోసమో వెతుకుతుంటే ‘కిన్ సాహిబ్ సే మిల్నా హై?’ అని అడగండి.

మనకు లేనిది ‘నే’. గడిచిపోయిన పని చెప్పేటప్పుడు, ఆ పనికి కర్మ ఉంటే, చేసినవారి వెనక ‘నే’ చేరుతుంది. అప్పుడు ‘ఎవరు ఇచ్చారు?’ అన్న ప్రశ్న ‘కిస్ నే దియా?’ అవుతుంది. పైగా క్రియ ఇచ్చినవారిని వదిలేసి ఇచ్చిన వస్తువు వెంట పోతుంది. ‘దవా’ స్త్రీలింగం కాబట్టి ‘యే దవా కిస్ నే దీ?’ అనాలి. హైదరాబాదులో ఈ ‘నే’ను చాలామంది వదిలేస్తారు, ‘కౌన్ దియా?’ అని తేలిగ్గా అనేస్తారు. మీరు మర్చిపోయినా ఎవరూ నొచ్చుకోరు. దీని మీద ఇప్పుడే కుస్తీ పట్టకండి.

మీ అసలు చిక్కు ‘కిసీ కో’ దగ్గర వచ్చింది. ఆ తల్లి మీకు సరైన జవాబే చెప్పింది. మీరు అడిగింది ‘ఎవరికైనా జ్వరం ఉందా?’ అని. ఆమె ‘అవును’ అంది. ‘ఎవరికి జ్వరం?’ అని అడగాలంటే ‘కిస్ కో బుఖార్ హై?’ అనాలి. కిస్ ప్రశ్న, కిసీ ప్రశ్న కాదు. చివర్లో ఒక్క ‘ఈ’ చేరగానే ప్రశ్న పోయి ‘ఎవరో ఒకరు’ అయింది. కహాఁ అంటే ఎక్కడ, కహీఁ అంటే ఎక్కడో. కబ్ అంటే ఎప్పుడు, కభీ అంటే ఎప్పుడో, ఎప్పుడైనా. కౌన్ పక్కన కోయీ, క్యా పక్కన కుఛ్. వీటికి ‘నహీఁ’ తగిలిస్తే ఎవరూ, ఎక్కడా, ఎప్పుడూ, ఏమీ వస్తాయి: ‘కుఛ్ నహీఁ ఖాయా’ అంటే ఏమీ తినలేదు.

తెలుగువాళ్లం ఇక్కడ ఎందుకు జారుతామో చెప్తాను, తెలిస్తే సగం పని అయినట్టే. మన ‘ఎ’ మాటలు ఒంటరిగా ఉంటే ప్రశ్న, చివర చిన్న తోక తగిలిస్తే ఇంకేదో. ఎవరు, ఎవరో, ఎవరూ, ఎవరైనా అన్నీ ఒక్క చెట్టు కొమ్మలే. ఉర్దూ ఆ పనులను వేర్వేరు మాటలకు పంచిపెట్టింది. దక్కనీ మాత్రం మన దారే పట్టింది చూడండి. ‘కౌన్ కీ ఆయా’ అంటే ‘ఎవరో వచ్చారు’. ‘కాఁ కీ గయా’ అంటే ‘ఎక్కడికో వెళ్లాడు’. ‘క్యా కీ’ అంటే అచ్చంగా మన ‘ఏమో’. ప్రశ్నపదానికి ‘ఓ’ చేర్చే మన పద్ధతిలోనే వాళ్లు ‘కీ’ చేర్చారు. శతాబ్దాలుగా పక్కపక్క ఇళ్లలో బతికిన భాషల మధ్య ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు చూస్తే నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంటుంది.

మరో చోట కూడా తెలుగు మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ‘ఎక్కడ నొప్పిగా ఉందో అక్కడ చెయ్యి పెట్టండి’ అంటాం. ఇందులో ‘ఎక్కడ’ ఉంది గదా అని ‘కహాఁ దర్ద్ హై, వహాఁ హాథ్ రఖియే’ అనేస్తాం. ఉర్దూలో ఇక్కడ ‘క’ రాదు, ‘జ’ వస్తుంది: ‘జహాఁ దర్ద్ హై, వహాఁ హాథ్ రఖియే.’ మొదట చెప్పిన వరసల్లో ఈ ‘జ’ నాలుగో అక్షరం. జబ్, జహాఁ, జైసా, జిత్నా, జో, విభక్తి ముందు జిస్. గుర్తు పట్టడం తేలికే. తెలుగు వాక్యంలో ‘ఎక్కడ... అక్కడ’, ‘ఎంత... అంత’, ‘ఎవరు... వాళ్లు’ అని జత కుదిరితే ఉర్దూలో జ. జత లేకుండా తెలియని సంగతి మిగిలిపోతే క. ‘ఏ మందు ఇచ్చారో అడగండి’లో జత లేదు, సంగతి ఇంకా తెలియదు, కాబట్టి ‘పూఛియే కౌన్ సీ దవా దీ హై.’ ‘ఏ మందు ఇచ్చారో అదే వేసుకోండి’లో జత ఉంది, కాబట్టి ‘జో దవా దీ హై, వహీ లీజియే.’ వార్డులో ఈ రెండు వాక్యాలూ రోజుకు ఎన్నిసార్లు పడతాయో కదా.

కైసా, కిత్నా, కౌన్ సా అన్నవి తమ వెనక వచ్చే మాటను బట్టి చివర ఆ, ఏ, ఈ అని మారతాయి. కిత్నా పానీ, కిత్నే దిన్, కిత్నీ బార్. మనకు ఎంత, ఎన్ని, ఎంతమంది అని మూడు మాటలుంటే ఉర్దూకు ‘కిత్నా’ ఒక్కటే, లింగం, వచనం మాత్రం చూసుకోవాలి. మీరు అన్నిటికంటే ఎక్కువగా అనేది ‘తబీయత్ కైసీ హై?’ రోగి మగవాడైనా ఇక్కడ ‘కైసీ’యే, ఎందుకంటే తబీయత్ స్త్రీలింగం. నేరుగా మనిషిని అడిగితే మగవారికి ‘ఆప్ కైసే హైఁ?’, ఆడవారికి ‘ఆప్ కైసీ హైఁ?’ ‘ఎలా’ అన్న అర్థంలో వచ్చే ‘కైసే’ మాత్రం మారదు: ‘యే కైసే హువా?’ మన ‘ఎన్నో అంతస్తు?’ అన్న ప్రశ్నను ఉర్దూలో ‘కౌన్ సీ మంజిల్?’ అని అడుగుతారు, కిత్నాతో కాదు. జంటమాటలు అచ్చం మనలాగే: కౌన్ కౌన్ అంటే ఎవరెవరు, క్యా క్యా అంటే ఏమేమి. ‘కౌన్ కౌన్ సీ దవాయేఁ లేతే హైఁ?’ అని అడిగితే బీపీ మాత్ర ఒక్కటి చెప్పి ఆగిపోకుండా వరసగా అన్నీ చెబుతారు.

ఇప్పుడు ఆ పెద్దాయన సంగతి. ‘ఆప్ క్యోఁ ఆయే?’లో వ్యాకరణం తప్పు లేదు. కానీ మన దగ్గరకు ఎవరైనా వస్తే ‘ఎందుకొచ్చారు?’ అని అడుగుతామా? ‘ఏం పని మీద వచ్చారండీ?’, ‘ఇలా వచ్చారేం?’ అంటాం. ‘క్యోఁ’ కారణం అడుగుతుంది, వచ్చిన మనిషి సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన స్థితిలో పడతాడు. ఉర్దూలో దీనికి చక్కటి వాక్యం ఉంది: ‘కైసే ఆనా హువా?’ మాటకు మాటగా ‘రావడం ఎలా జరిగింది?’ అని, ఎందుకు అన్న మాటే లేకుండా కారణం అడగడం. ఆసుపత్రిలో అయితే ‘క్యా తక్లీఫ్ హై?’ అంటే ఇంకా సూటిగా, ఇంకా దయగా ఉంటుంది. మందు వేసుకోని రోగిని ‘దవా క్యోఁ నహీఁ లీ?’ అని అడిగితే దబాయింపులా వినిపిస్తుంది. ‘దవా లేనే మేఁ క్యా దిక్కత్ హుయీ?’, అంటే మందు వేసుకోవడంలో ఏం ఇబ్బంది వచ్చింది అని అడిగి చూడండి. చేదుగా ఉందనో, డబ్బు లేదనో నిజం చెబుతారు.

మర్యాద పెరిగేకొద్దీ ఉర్దూలో ప్రశ్నపదం తగ్గుతుంది. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమనిషిని ‘ఆప్ కౌన్?’ అంటే మోటుగా ఉంటుంది. ‘ఆప్ కీ తారీఫ్?’ అని స్వరం పైకి లేపితే చాలు. పేరు అడగడానికి ‘ఆప్ కా నామ్ క్యా హై?’ వార్డులో ధారాళంగా వాడొచ్చు. పాతతరం పెద్దలతో ‘ఇస్మ్-ఎ-షరీఫ్?’ అంటే వాళ్ల ముఖం విచ్చుకుంటుంది. మన ‘తమరి పేరు?’ లాంటిదే ఇది. బయల్దేరుతున్న మనిషిని ‘ఎక్కడికి?’ అనకూడదని మన పెద్దలు ‘దూరమా?’ అని అడుగుతారు, గుర్తుంది కదా. ఎదుటివారి మాట వినిపించకపోతే ‘క్యా?’ అనకండి, ‘జీ?’ అనండి. మనం ‘అండీ?’ అన్నట్టే.

ప్రతి ‘క’ మాటా జవాబు కోరదు. ‘వో కహాఁ ఆయేగా!’ అంటే మన ‘వాడెక్కడొస్తాడు!’ లాగే, రాడని అర్థం. ‘క్యోఁ నహీఁ?’ అంటే ‘తప్పకుండా’. ‘క్యా పతా’ అంటే ‘ఏమో, ఎవరికి తెలుసు’. ఆపరేషనుకు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టమంటే ఒకరు ‘క్యోఁ నహీఁ’ అంటే అభ్యంతరం చెప్పారనుకుని మీరు కాగితం వెనక్కి తీసుకోవద్దు.

చివరిగా లిపి. వార్డు పనికి ఇప్పుడే అవసరం లేదు. మూడు నాలుగు నెలలు నోటితో సాధన చేశాక మొదలుపెట్టండి. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేశారు కాబట్టి ఆఫీసు బోర్డుల మీద తెలుగు పక్కనే ఉర్దూ కనిపిస్తుంది. తెలిసిన పేరు తెలుగులో చదివి అదే పేరు ఉర్దూలో ఎలా ఉందో పోల్చుకుంటూ పోతే అక్షరాలు త్వరగా కంటికి అలవాటవుతాయి. ప్రశ్నార్థకం కూడా కుడి నుంచి ఎడమకు పోయే రాతకు తగ్గట్టు అద్దంలో చూసినట్టు తిరిగి ఉంటుంది. అక్షరాలు వచ్చాక మీకొక చిక్కు ఎదురవుతుంది. ‘క్యా’ (ఏమిటి), ‘కియా’ (చేశాడు) రెండింటినీ కాఫ్, యే, అలిఫ్ అన్న అవే మూడు అక్షరాలతో రాస్తారు. ‘ఉస్ నే క్యా కియా?’ అన్న వాక్యంలో ఒకే రూపం రెండుసార్లు పక్కపక్కనే కనబడుతుంది. అచ్చుతప్పు అనుకోకండి. క్రియ చివర ఉంటుంది, ప్రశ్నపదం దాని ముందు ఉంటుంది కాబట్టి మొదటిది క్యా, రెండోది కియా.

ఈ వారం ‘కిస్ కో’, ‘కబ్ సే’, ‘కహాఁ’, ‘కిత్నీ బార్’ అన్న నాలుగింటితోనే వార్డులో పని నడపండి. జ్వరం ఎవరికి, ఎప్పటి నుంచి, నొప్పి ఎక్కడ, వాంతులు ఎన్నిసార్లు అన్నవి వీటితో వచ్చేస్తాయి. ‘కైసే ఆనా హువా’ను ఆ పెద్దాయన మళ్లీ చూపించుకోవడానికి వచ్చేలోగా నోటికి తెచ్చుకోండి.